ఇంటి నుంచి పనిచేసే స్టాఫ్‌కి ఆఫీసు ఐపీ ఫోన్లు: కాల్ సరిగ్గా 32 సెకన్లకి కట్ అవుతోంది, పిచ్చెక్కిపోతోంది

ఆటోనగర్_శ్రీను
విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల హోల్‌సేల్ మాది. ఆర్డర్లు ముప్పావు వంతు ఫోన్లోనే వస్తాయి. ఫోన్లు తీసే ఏడుగురిలో నలుగురు ఇంటి నుంచి చేస్తామన్నారు. ఒకరికి చంటిపిల్ల, ఒకరు రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చి పోవాలి. పార్ట్ నంబర్లు నోటికొచ్చిన మనుషులు, వదులుకుంటే మళ్లీ దొరకరు. సరే అన్నాను. అక్కడి నుంచి మొదలైంది నా టెన్షన్.

ఆఫీసులో పాత డెస్క్‌టాప్ మీద ఫ్రీపీబీఎక్స్ (కాల్స్‌ని ఫోన్లకి పంచే ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్), టెలికం కంపెనీ సిప్ ట్రంక్ (నెట్ మీద వచ్చే ఫోన్ లైన్), 0866 నంబరు, స్టాటిక్ ఐపీ (మారని నెట్ అడ్రస్). మూడేళ్లుగా ఒక్క కంప్లైంట్ లేదు. ఆఫీసులో వాడే యీలింక్ ఐపీ ఫోన్లు (నెట్ మీద నడిచేవి) మూడు టేబుళ్ల మీద నుంచి తీసి అట్టపెట్టెల్లో పెట్టి ఇళ్లకు పంపాను. నాలుగోది లేక ఏలూరు అమ్మాయికి మొబైల్లో ఆఫీసు ఫోన్‌లా పనిచేసే సాఫ్ట్‌ఫోన్ యాప్ పెట్టించాను. ఆఫీసు రౌటర్లో 5060, 10000 నుంచి 20000 దాకా పోర్టులు (బయటి ఫోన్లు సర్వర్‌కి చేరే తలుపులు) మా బామ్మర్ది ఫార్వర్డ్ చేశాడు.

ఇప్పుడు ఇంటికో రోగం. గుడివాడలో వచ్చే కాల్స్ ఎత్తిన 32 సెకన్లకి కట్. వాచీ పెట్టి చూశాను, 31 కాదు 33 కాదు. అక్కడి నుంచి చేసే కాల్స్ మాత్రం బాగానే ఉన్నాయి. తెనాలిలో ఆవిడ మాట కస్టమర్‌కి వినిపిస్తుంది, కస్టమర్ మాట ఆవిడకి వినపడదు. ఏలూరులో యాప్‌లోంచి చేస్తే వెళ్తుంది, మనం చేస్తే రింగ్ అవదు. బందరులో పగలంతా బ్రహ్మాండం, సాయంత్రం ఏడయ్యేసరికి మాట ముక్కలు ముక్కలు.

నిన్న రాజమండ్రి పార్టీ ఒకాయన నా సెల్‌కి చేసి "మీవాళ్లు మాట్లాడుతుండగానే మొహాన పెట్టేస్తున్నారు, పొగరెక్కిందా" అన్నాడు. ఫోన్లు మార్చాలా, నెట్ మార్చాలా, మనుషుల్ని వెనక్కి పిలవాలా?

లూజ్_కనెక్షన్
ముందు బామ్మర్దిని మార్చండి.

సర్వర్_సుబ్బయ్య
ఫోన్ల తప్పేమీ లేదు. ఆఫీసులో ఫోనూ సర్వరూ ఒకే ఇంట్లో మనుషులు, గుమ్మం దాటే పని లేదు. ఇప్పుడు ఒక్కో ఫోన్ ఒక్కో ఇంటి రౌటర్ వెనక కూర్చుంది. నాలుగు ఇళ్లని నాలుగు కేసులుగా చూడండి, అన్నిటికీ ఒకే మందు వేస్తే ఏదీ కుదరదు.

గుడివాడ చాలా తేలిక. 32 సెకన్లు అనగానే సగం తెలిసిపోయింది. కాల్ ఎత్తగానే ఫోన్ సర్వర్‌కి "ఎత్తాను" అని చెబుతుంది. సర్వర్ "అందింది" అని జవాబివ్వాలి. ఆ "అందింది" దారిలో తప్పిపోతే ఫోన్ మళ్లీ మళ్లీ "ఎత్తాను, ఎత్తాను" అని అరుస్తుంది. సిప్‌లో (ఐపీ ఫోన్లు కాల్ కలుపుకునే భాష) దీనికి గడువు ఉంది: అర సెకనుకి 64 రెట్లు, అంటే 32 సెకన్లు. అప్పటికీ జవాబు లేకపోతే కాల్ పెట్టేస్తుంది. మాట వేరే దారిలో పోతుంది కాబట్టి ఆ 32 సెకన్లూ ఇద్దరూ హాయిగా మాట్లాడుకుంటారు. అందుకే మనిషి పెట్టేసినట్టు అనిపిస్తుంది.

ఆ "అందింది"ని పాడుచేసేది చాలాసార్లు ఇంటి రౌటర్లో ఉండే సిప్ ఏఎల్‌జీ అనే ఫీచర్. సాయం చేద్దామని ప్యాకెట్లో అడ్రసులు మారుస్తుంది, తప్పుగా మారుస్తుంది. అది ఆఫ్ చేసి చూడండి.

ఆటోనగర్_శ్రీను
సుబ్బయ్య గారూ, గుడివాడ రౌటర్ పేజీ ఆ అమ్మాయి చేత తెరిపించి వీడియో కాల్లో చూశాను. ఏఎల్‌జీ అన్న మాటే ఎక్కడా లేదు. నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బా, సగం మెనూలు దాచేశారు.

కేబుల్_బాబాయ్
లైన్‌మన్‌గా పదిహేనేళ్లు చేశాను, చెబుతున్నా. కంపెనీ ఇచ్చే ఫైబర్ డబ్బాల్లో యూజర్ లాగిన్ వేరు, అడ్మిన్ లాగిన్ వేరు. ఏఎల్‌జీ అడ్మిన్‌లో ఉంటుంది. కస్టమర్ కేర్‌కి చేస్తే "రీస్టార్ట్ చేశారా సార్" దగ్గరే ఆగుతారు. కనెక్షన్ ఇచ్చిన లోకల్ కుర్రాడిని పట్టుకోండి, రెండు నిమిషాల పని.

సర్వర్_సుబ్బయ్య
బాబాయ్ చెప్పింది నిజమే, కానీ లోకల్ కుర్రాడు దొరక్కపోయినా దారుంది. ఏఎల్‌జీ సాధారణంగా 5060 మీద వెళ్లే వాటినే కెలుకుతుంది. సర్వర్లో సిప్ పోర్టు 5160 లాంటిది పెట్టి, ఫోన్లోనూ మార్చితే దాని కంట పడదు. ఇంకా మంచిది టీఎల్ఎస్, అంటే తాళం వేసి పంపడం, పోర్టు 5061. ఏఎల్‌జీ లోపల ఏముందో చదవలేదు కాబట్టి మార్చలేదు.

వీపీఎన్_వీరాభిమాని
ఇన్ని తిప్పలెందుకు? వీపీఎన్ (నెట్ లోంచి ఆఫీసుకి సొంత సొరంగం) పెట్టెయ్. ఫోన్ నేరుగా ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నట్టే. ఏఎల్‌జీ లేదు, నాట్ (రౌటర్ చేసే అడ్రస్ మార్పిడి) లేదు, పోర్టులు తెరవక్కర్లేదు. చాలా యీలింక్ ఫోన్లలో ఓపెన్‌వీపీఎన్ లోపలే ఉంటుంది.

సర్వర్_సుబ్బయ్య
పెట్టొచ్చు. కానీ టీసీపీ (పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే పద్ధతి) మీద వీపీఎన్ పెట్టి దాంట్లో వాయిస్ పంపేవాళ్లని చూశాను. ఒక్క ప్యాకెట్ పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ క్యూలో నిలబడతాయి. మాట అంతా ఒక్కసారిగా గుప్పున వచ్చి పడుతుంది. యూడీపీ (పోయినదాని కోసం ఆగని పద్ధతి) మీదే పెట్టాలి. ఇంకోటి, వీపీఎన్ ఫైల్ ఫోన్లోకి ఎక్కించడం ఆఫీసులో ఉండగా చెయ్యాల్సిన పని. ఫోన్లు ఇళ్లకి వెళ్లిపోయాయి.

వీపీఎన్_వీరాభిమాని
అది ఒప్పుకుంటా. మా కంపెనీ ఫోన్లు కొరియర్‌లో పంపే ముందే ఎక్కించి, ఒక రోజు మొబైల్ హాట్‌స్పాట్ మీద పరీక్ష చేసి పంపేవాళ్లం. హాట్‌స్పాట్ మీద పనిచేస్తే ఏ ఇంట్లోనైనా పనిచేస్తుంది, దాదాపు.

పాస్‌వర్డ్_పంతులు
అందరూ నాట్, ఏఎల్‌జీ అంటున్నారు. నాకు ఒళ్లు జలదరించింది ఇంకో చోట. శ్రీను గారూ, 5060 లోకం మొత్తానికి తెరిచారు కదా. ఎక్స్‌టెన్షన్ల (ఒక్కో ఫోన్‌కి ఇచ్చిన లోపలి నంబర్ల) పాస్‌వర్డ్లు ఏంటి? ఇక్కడ రాయొద్దు. ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డా కాదా, అది మాత్రం చెప్పండి.

ఆటోనగర్_శ్రీను
...అవును.

పాస్‌వర్డ్_పంతులు
అయ్యా, ఇప్పుడే లేచి మార్చండి. భోజనం తర్వాత కాదు.

ఇదేమీ పుస్తకంలో చదివింది కాదు. నేను చూసుకునే ఒక ఆఫీసులో 201కి 201 పాస్‌వర్డ్. 5060 తెరిచి ఉంటే ప్రపంచంలో స్కానర్లు రోజంతా తలుపు తడుతూనే ఉంటాయి, లాగ్‌లో "ఫ్రెండ్లీ స్కానర్" అని పేరు కూడా కనిపిస్తుంది. శనివారం రాత్రి దూరారు. సోమవారం పొద్దున చూస్తే ఎవరికీ తెలియని దేశాలకి గంటల తరబడి కాల్స్. బిల్లు లక్షల్లో. టెలికం వాళ్లు "మీ లైన్ నుంచే వెళ్లాయి కదండీ" అన్నారు. ఓనర్ నా మొహం చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇవాళే చెయ్యాల్సినవి: పాస్‌వర్డ్లు పొడవుగా, అర్థం లేకుండా. ట్రంక్ ఇచ్చిన కంపెనీకి చెప్పి ఐఎస్‌డీ మూయించండి, లారీ స్పేర్లకి విదేశీ కాల్స్ అక్కర్లేదు కదా. ఫెయిల్2బాన్ (తప్పు పాస్‌వర్డ్లు కొట్టేవాళ్లని ఆపేది) ఆన్ చెయ్యండి.

ఆటోనగర్_శ్రీను
మార్చేశాను. లాగ్ తెరిచి చూశాను. పంతులు గారూ, ఒక్క రాత్రిలో వేల సార్లు ప్రయత్నించారు. 100, 101, 102 అనుకుంటూ వరసగా. మాది 700 నుంచి మొదలవుతుంది కాబట్టి బతికాం. చేతులు చల్లబడ్డాయి.

లూజ్_కనెక్షన్
బామ్మర్ది సంగతి మళ్లీ గుర్తుచేస్తున్నా.

జుగాడ్_జానీ
ఈ సర్వర్ గోలంతా ఎందుకన్నా? ఒక్కో ఇంట్లో సిమ్ గేట్‌వే పెట్టు. కస్టమర్ ఆఫీసుకి చేస్తే నెట్ మీద ఇంటికి, అక్కడి నుంచి సిమ్ మీద ఎక్కడికైనా. చీప్.

కేబుల్_బాబాయ్
జానీ, పోలీసులు పట్టుకుని పేపర్లో "అక్రమ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్" అని ఫొటో వేసేది ఇలాంటి డబ్బాలనే. ఇళ్లలో సిమ్ బాక్సులు పెట్టి నెట్ కాల్స్‌ని సిమ్‌ల మీదకి తిప్పకూడదు. ఆ అమ్మాయిల ఇళ్ల మీదకి తేవద్దు.

జుగాడ్_జానీ
సరే బాబాయ్, వెనక్కి తీసుకున్నా. మరి అసలు ఇంటి నుంచి ఆఫీసు కాల్స్ తీయాలంటే డాట్ (టెలికం శాఖ) దగ్గర రిజిస్ట్రేషన్ కావాలంటారుగా?

ఫైళ్ల_ఫణి
అది పాత కథ. కాల్ సెంటర్లకి ఓఎస్‌పీ (అదర్ సర్వీస్ ప్రొవైడర్) రిజిస్ట్రేషన్ ఉండేది, ఇంటి నుంచి పని అంటే బోలెడు షరతులు. 2020 మార్చిలో కరోనా వచ్చాక తాత్కాలికంగా సడలించారు. అదే ఏడాది నవంబరు 5న కొత్త మార్గదర్శకాలతో రిజిస్ట్రేషనే తీసేశారు. 2021 జూన్ 23న ఇంకాస్త సులువు చేశారు. ట్రంక్ లైసెన్స్ ఉన్న కంపెనీది, ఇంట్లో ఫోన్ ఆఫీసు సర్వర్‌కి ఎక్స్‌టెన్షన్ మాత్రమే. శ్రీను గారి పద్ధతికి ఇబ్బంది లేదు.

జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. ఆ 0866 నంబరు నుంచి "కొత్త స్టాక్ వచ్చింది" అని ఊరందరికీ ప్రచార కాల్స్ మొదలుపెట్టకండి. రిజిస్టర్ కాకుండా సిప్, పీఆర్ఐ (ఒకేసారి చాలా కాల్స్ నడిచే ఆఫీసు లైన్) లైన్ల మీద ప్రచార కాల్స్ చేసేవాళ్ల లైన్లన్నీ తీసేసి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్ట్ చెయ్యమని 2024 ఆగస్టులో ట్రాయ్ (టెలికం నియంత్రణ సంస్థ) ఆదేశించింది. ఆర్డర్లు తీసుకునే లైన్ కూడా పోతుంది.

హెడ్‌సెట్_పద్మ
రెండేళ్లుగా వరంగల్‌లో ఇంటి నుంచే ఫోన్లు తీస్తున్నా, ఇటు వైపు నుంచి కూడా ఒకరు చెప్పాలి కదా. శ్రీను అన్నా, ఏలూరు అమ్మాయి ఫోన్ తీయట్లేదని తిట్టారా?

ఆటోనగర్_శ్రీను
తిట్టలేదమ్మా. కొంచెం గట్టిగా అడిగాను.

హెడ్‌సెట్_పద్మ
అదే అంటున్నా. నాకూ అదే జరిగింది. యాప్‌లో పచ్చచుక్క ఉంది, ఫోన్ పక్కనే ఉంది, రింగ్ రాలేదు. సూపర్‌వైజర్ "నిద్రపోతున్నావా" అన్నాడు. అన్నం ముందు కూర్చుని ఏడ్చాను ఆ రోజు.

పింగ్_పాండు
ఏలూరుది నాట్ టైమౌట్. యూడీపీకి రౌటర్ తెరిచిన కన్నం కొద్దిసేపు ట్రాఫిక్ లేకపోతే మూసుకుపోతుంది, సర్వర్ నుంచి వచ్చే కాల్ లోపలికి రాదు. కీప్ అలైవ్ (కన్నం మూసుకోకుండా పంపే చిన్న ప్యాకెట్) 30 సెకన్లు పెట్టండి, అయిపోయింది.

హెడ్‌సెట్_పద్మ
పాండు గారూ, మాకూ అదే చెప్పి అదే పెట్టారు. తగ్గలేదు. నాది ఫోన్ స్క్రీన్ ఆరిపోతేనే రింగ్ రాదు. స్క్రీన్ వెలుగుతుంటే ఎప్పుడూ వస్తుంది. అన్నా, ఆ అమ్మాయిని అడగండి.

ఆటోనగర్_శ్రీను
అడిగాను. ఇప్పుడే పది కాల్స్ చేశాను. స్క్రీన్ వెలుగుతుంటే ఐదుకి ఐదు. ఆర్పి రెండు నిమిషాలు ఆగి చేస్తే ఐదుకి సున్నా. ఆ అమ్మాయికి సారీ చెప్పాను.

పింగ్_పాండు
అయితే నా మాట తప్పు. బ్యాటరీ సేవర్ యాప్‌ని చంపుతోంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ "అన్‌రెస్ట్రిక్టెడ్" చెయ్యండి. ఆటోస్టార్ట్ అని ఉంటే అదీ ఆన్ చెయ్యండి. కొన్ని మొబైళ్లలో రీసెంట్స్‌లో యాప్‌కి తాళం కూడా వెయ్యాలి.

సర్వర్_సుబ్బయ్య
అయినా అది పూర్తి మందు కాదు. వాట్సాప్ కాల్ యాప్ నిద్రలో ఉన్నా లేపుతుంది, ఎందుకంటే పుష్ నోటిఫికేషన్ వస్తుంది. మన సొంత పీబీఎక్స్‌కి మామూలుగా ఆ పుష్ ఏర్పాటు ఉండదు. రోజంతా కాల్స్ తీసే మనిషికి మొబైల్ యాప్ పెట్టొద్దు. ఒక ఫోన్ కొనండి, లేదా ఆ అమ్మాయి దగ్గర కంప్యూటర్ ఉంటే మైక్రోసిప్ అనే సాఫ్ట్‌ఫోన్ వేసి మంచి హెడ్‌సెట్ ఇవ్వండి.

డాలస్_దొర
ఇక్కడ అమెరికాలో ఇంకో తలనొప్పి ఉంది. ఇంటికిచ్చిన ఆఫీసు ఫోన్ నుంచి 911 కొడితే అంబులెన్స్ ఆఫీసుకి వెళ్లకూడదు కదా. ఉద్యోగి ఇల్లు మారినప్పుడల్లా అడ్రస్ అప్‌డేట్ చేయించాలి, చట్టమే ఉంది. మావాడొకడు మూడు అపార్ట్‌మెంట్లు మారి చెప్పలేదు.

లూజ్_కనెక్షన్
దొరా, ఇక్కడ ఫుడ్ డెలివరీకే అడ్రస్ దొరకదు.

సర్వర్_సుబ్బయ్య
తెనాలికి వద్దాం. ఆవిడ మాట వెళ్తోంది, అవతలి మాట రావట్లేదు. అంటే సర్వర్ వాయిస్‌ని ఎక్కడికో పంపుతోంది, ఆవిడ ఫోన్‌కి కాదు. ఫోన్ తన అడ్రస్ 192.168 అని చెబుతుంది, సర్వర్ గుడ్డిగా నమ్మి ఆ అడ్రస్‌కే పంపుతుంది. అది ఆవిడ ఇంట్లో మాత్రమే చెల్లే అడ్రస్. "డోర్ నంబర్ 4" అని మాత్రమే రాసి పోస్టు చేసినట్టు. ఆ ఎక్స్‌టెన్షన్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఆర్‌టీపీ సిమెట్రిక్ (వాయిస్ వచ్చిన చోటికే తిరిగి పంపేది), రీరైట్ కాంటాక్ట్, ఫోర్స్ ఆర్‌పోర్ట్ మూడూ "ఎస్" ఉన్నాయా చూడండి. ఫ్రీపీబీఎక్స్‌లో మామూలుగా ఉంటాయి.

ఆటోనగర్_శ్రీను
మిగతా అన్నిటికీ ఎస్. తెనాలి ఒక్కదానికి ఆర్‌టీపీ సిమెట్రిక్ "నో". మా బామ్మర్ది ఏదో వీడియో చూసి "ఎకో తగ్గుతుందని" మార్చాడట.

లూజ్_కనెక్షన్
నేనేం మాట్లాడను ఇక.

ఆటోనగర్_శ్రీను
ఎస్ చేశాను. తెనాలి అయిపోయింది! ఆవిడ మొదటి మాట "సార్, ఇన్నాళ్లకి కస్టమర్ గొంతు విన్నాను".

పింగ్_పాండు
బందరు ఇంట్లో సాయంత్రం ఏం జరుగుతుందో కనుక్కున్నారా? ఎంత స్పీడ్ ప్లాన్?

ఆటోనగర్_శ్రీను
100 ఎంబీపీఎస్. అందుకే అర్థం కావట్లేదు. ఒక కాల్‌కి ఎంత కావాలి?

పింగ్_పాండు
జి.711 అనే వాయిస్ పద్ధతి అయితే హెడర్లతో కలిపి ఒక్కో వైపు 87 కేబీపీఎస్ దగ్గర. ఎంబీలో పదో వంతు కూడా లేదు. కాబట్టి స్పీడ్ కాదు, క్యూ. ఎవరో అప్‌లోడ్ నింపేస్తున్నారు. రౌటర్లో వాయిస్ ప్యాకెట్ వెళ్లి పెద్ద ఫైల్ వెనక నిలబడుతోంది. సినిమా హాల్ టికెట్ లైన్లో ఒకడు వంద టికెట్లు తీసుకుంటే వెనకవాడి గతి ఏంటి? కాల్ నడుస్తుండగా వాళ్ల ఇంటి కంప్యూటర్ నుంచి పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం చూసేది) కొట్టించండి, మధ్యాహ్నం ఒకసారి, ఏడింటికి ఒకసారి. ఫోన్ వైఫైలో ఉందా, కేబుల్‌లోనా?

ఆటోనగర్_శ్రీను
మధ్యాహ్నం 12 ఎంఎస్ (మిల్లీసెకన్లు). ఏడుంబావుకి 400, 600, ఒకసారి 900. ఫోన్ కేబుల్‌లోనే ఉంది. ఆవిడ మరిదికి యూట్యూబ్ చానల్ ఉందట, చేపల వంటలు. రోజూ ఏడింటికి వీడియో ఎక్కిస్తాడు.

కేబుల్_బాబాయ్
దొరికాడు దొంగ.

పింగ్_పాండు
ఒక వైపు ఆలస్యం 150 ఎంఎస్ దాటితేనే మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. రానూపోనూ 900 అంటే వాకీటాకీ. రౌటర్లో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు పోవాలో చెప్పే సెట్టింగ్) ఉంటే ఫోన్‌కి ముందు పీట వేయండి. లేకపోతే మరిది కంప్యూటర్‌కి అప్‌లోడ్ లిమిట్ పెట్టండి. అదీ లేకపోతే కాళ్లు పట్టుకోండి, రాత్రి పదకొండు తర్వాత ఎక్కించుకోమని.

హెడ్‌సెట్_పద్మ
ఇంకో మాట. ఇంటి నెట్ బిల్లులో ఎంతో కొంత ఆఫీసు ఇవ్వాలి. అప్పుడు మరిదిని ఆపమని అడగడానికి ఆవిడకి నోరొస్తుంది. సొంత డబ్బుతో కట్టే నెట్ మీద మీ కాల్స్ తీస్తూ, ఇంట్లో వాళ్లతో గొడవ కూడా ఆవిడే పడాలా?

ఆటోనగర్_శ్రీను
న్యాయంగానే ఉంది. నెలకి 500 ఇద్దామనుకుంటున్నా.

కేబుల్_బాబాయ్
కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదేం? కరెంటు పోతే ఫోనూ రౌటరూ ఫైబర్ డబ్బా అన్నీ పోతాయి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా రౌటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో చూసుకోరు. లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. ఒకటే జాగ్రత్త: యీలింక్ ఫోన్ల అడాప్టర్ చాలావాటికి 5 వోల్టులు, రౌటర్‌ది 12. పిన్ను ఒకేలా ఉండొచ్చు. చీకట్లో తారుమారు చేస్తే ఫోన్ పొగ వదులుతుంది. నేను వాసన కూడా చూశాను. అడాప్టర్ల మీద మార్కర్‌తో రాసి పంపండి.

వీపీఎన్_వీరాభిమాని
బాబాయ్ చెప్పాక నేనూ నా మూలన ఉన్న నాలుగు అడాప్టర్లు చూశా. ఏది దేనిదో దేవుడికే తెలియాలి.

ఆటోనగర్_శ్రీను
పది రోజుల తర్వాత అప్‌డేట్.

గుడివాడ: లోకల్ కుర్రాడు వచ్చి అడ్మిన్‌లో ఏఎల్‌జీ ఆఫ్ చేశాడు, వంద రూపాయలూ ఒక కాఫీ. కట్ అవడం ఆగింది. అయినా సుబ్బయ్య గారి మాట మీద పోర్టు కూడా మార్చాను, ఫెయిల్2బాన్ లాగ్ ఇప్పుడు ప్రశాంతంగా ఉంది. ఐఎస్‌డీ మూయించాను. ఏలూరుకి నాలుగో ఫోన్ కొన్నాను. ఈసారి మొబైల్ హాట్‌స్పాట్ మీద ఒక రోజంతా పెట్టి చూసి, అడాప్టర్ మీద "5 ఓల్టు ఫోన్" అని ఎర్ర మార్కర్‌తో రాసి పంపాను. బందరు మరిది రాత్రి పదకొండుకి ఎక్కిస్తున్నాడు, వ్యూస్ పెరిగాయని వాడే థ్యాంక్స్ చెప్పాడు. వీపీఎన్ దసరాకి ఫోన్లు ఆఫీసుకి తెప్పించినప్పుడు ఎక్కిస్తాను.

నిన్న గుడివాడ అమ్మాయి చేసింది. "సార్, బ్రేక్ లైనింగులు తప్పు సైజు వచ్చాయని ఒకాయన 23 నిమిషాలు ఆపకుండా తిట్టారు. ఇదివరకైతే 32 సెకన్లలో అయిపోయేది."

లూజ్_కనెక్షన్
ఆ ఒక్క కస్టమర్‌కి ఏఎల్‌జీ మళ్లీ ఆన్ చేసే దారుందా సుబ్బయ్య గారూ?

సర్వర్_సుబ్బయ్య
లేదు. తప్పు సైజు ఎవరు పంపారో కనుక్కోండి.

ఆటోనగర్_శ్రీను
కనుక్కున్నాను. బామ్మర్దే.